అన్నకు బంతి ఇవ్వవద్దని ఎవరు చెప్పాలి? ముగ్గురు సీనియర్లతో ఒక హాకీ సీజన్

తిరుపతిలో ఒక హాకీ జట్టుకు నేను కోచ్‌ని. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూ ఉదయం, సాయంత్రం మైదానానికి వచ్చే మనుషుల జట్టు అది. ఒకరు రైల్వేలో, ఒకరికి కొండ మీద డ్యూటీ, ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు, మిగిలినవాళ్లలో ఎక్కువ మంది డిగ్రీ చదివే పిల్లలు. పద్దెనిమిది మందిలో ముగ్గురు సీనియర్లు: మైదానం మధ్యలో ఆట నడిపే 36 ఏళ్ల సెంటర్ హాఫ్, ముందు వరుసలో గోల్స్ కొట్టే 34 ఏళ్ల సెంటర్ ఫార్వర్డ్, వెనుక మన గోలుకు కాపలా కాసే 39 ఏళ్ల ఫుల్ బ్యాక్. పోయిన సీజన్ మొదట్లో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాం. నాలుగింటిలోనూ గోలు పడిన చోట ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు ఉన్నారు. పెద్దవాళ్లను పక్కన పెట్టమని జట్టు మంచి కోరేవాళ్లే నాకు చెప్పారు. నేనూ దాదాపు ఆ నిర్ణయానికే వచ్చాను. ఎందుకు ఆగానో, తర్వాత ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల్లో పనిచేసే కోచ్‌లలో చాలామందికి ఈ చిక్కు ఎదురవుతుంది, కానీ దాన్ని ఎవరూ రాసిపెట్టరు. ఆటగాళ్ల పేర్లు చెప్పడం లేదు. వాళ్లు నన్ను నమ్మి మాట్లాడారు.

చిత్తూరులో ఆడిన మూడో మ్యాచ్‌తో మొదలుపెడతాను. స్కోరు 1-1. మూడో క్వార్టర్ ముగియడానికి రెండు నిమిషాలు ఉంది. ఎడమ పక్క ఆడే మా కుర్రాడు, లెఫ్ట్ హాఫ్ దగ్గర బంతి ఉంది, అతని ముందు సైడ్ లైను వెంబడి దారి ఖాళీగా ఉంది. సెంటర్ హాఫ్ స్టిక్‌తో నేలను తట్టి బంతి అడిగాడు. కుర్రాడు తలెత్తి ఖాళీ దారిని చూశాడు. చూశాడని నాకు స్పష్టంగా తెలుసు. అయినా అన్న వైపు తిరిగి బంతి అతనికే ఇచ్చాడు. బంతి అందేసరికి సెంటర్ హాఫ్ ముఖం మా గోలు వైపు ఉంది. వీపు వెనుక ఒకడు, కుడి పక్కన ఇంకొకడు. గులకరాయి తగిలి బంతి కాస్త ఎగిరింది. దాన్ని అదుపు చేసి, ఒక అడుగు పక్కకు వేసి తిరగబోయాడు. ఆ లోపే వెనుకవాడు స్టిక్ చాచి పొడిచాడు. బంతి పోయింది, క్షణాల్లో మా గోలులో పడింది. ముసలాయనను ఇంకా ఎందుకు ఆడిస్తున్నారని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. అతను విన్నాడు. స్టిక్ పిడికి చుట్టిన టేపు ఊడకపోయినా దాన్ని మళ్లీ సరిచేసుకుంటూ సెంటర్ లైను దాకా నడిచాడు.

ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో అతని పేరు పక్కన రెండే మాటలు రాసుకున్నాను: ‘కాళ్లు లేవు.’ అది తప్పు అంచనా అని తెలియడానికి మూడు వారాలు పట్టింది.

అలిపిరి మెట్లు చెప్పింది

కాళ్లు లేవని తేల్చుకున్న కోచ్ ఎవరైనా చేసే పని ఒకటే, పరుగెత్తించడం. తిరుపతిలో దానికి వెతుక్కోవలసిన పని లేదు. ఒక ఆదివారం తెల్లవారగానే జట్టు మొత్తాన్ని అలిపిరి పాదాల మండపం దగ్గరికి రమ్మన్నాను. 3,550 మెట్లు. ఓర్పు పెంచుకోవడానికని అందరికీ చెప్పాను. నా మనసులో ఉన్న మాట వేరు. సీనియర్లు గాలిగోపురం చేరేసరికే కూలబడతారని, తమ పని అయిపోయిందని వాళ్లకు వాళ్లే తెలుసుకుంటారని అనుకున్నాను. అంత చిన్న బుద్ధితో ఆ మెట్లు ఎక్కినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సెంటర్ హాఫ్ గాలిగోపురం దగ్గర ఆగి, వెనుకబడిన ఇద్దరు డిగ్రీ పిల్లల కోసం ఎదురుచూశాడు. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ చేతులు మోకాళ్ల మీద ఆన్చి ఎక్కుతుంటే అతను మొదటి మెట్టు మీద ఉన్న వేగంతోనే సాగిపోయాడు. కొండ మీదికి ముందు చేరిన నలుగురిలో అతనొకడు. ఫుల్ బ్యాక్ అందరికంటే చివర వచ్చాడు, కానీ ఎక్కడా కూర్చోకుండా వచ్చాడు.

దిగి వచ్చే బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ఇంత ఓర్పు ఉన్న మనిషి మైదానంలో ఎందుకు నెమ్మదిగా కనిపిస్తున్నాడు? ఒకే వేగంతో గంటల తరబడి సాగడం వేరు, హాకీలో కాళ్లు చేసే పని వేరు. నిలుచున్న చోటి నుంచి నాలుగు గజాలు దూకాలి, ఆగాలి, బంతితో సహా వెనక్కి తిరగాలి, మళ్లీ దూకాలి. అది కూడా నడుము వంచి. వయసు ముందుగా పట్టుకుపోయేది ఈ తిరుగుడునే. ఓర్పు చాలా ఏళ్లు నిలుస్తుంది, చూపు ఇంకా ఎక్కువ నిలుస్తుంది. అతని దగ్గర తగ్గింది ఒకే ఒక పని. మేము అతనితో మ్యాచ్ అంతా చేయిస్తున్నది ఏ పని అన్నదే తేలాలి.

చీలమండ బెణికి ఆట ఆపేసిన ఒక కుర్రాణ్ణి తర్వాతి రెండు మ్యాచ్‌లకు గట్టు మీద కూర్చోబెట్టాను. సెంటర్ హాఫ్‌కు బంతి అందిన ప్రతిసారీ మూడు సంగతులు రాయమన్నాను: బంతి ఎవరు ఇచ్చారు, అందినప్పుడు అతని ముఖం ఏ గోలు వైపు ఉంది, చివరికి బంతి మన దగ్గరే ఉందా పోయిందా. రెండు మ్యాచ్‌లలో కలిపి 63 సార్లు బంతి అందింది. అందులో 41 సార్లు అతని ముఖం మా గోలు వైపే ఉంది. ఆ 41లో 18 పోయాయి. ముఖం ఎదుటి గోలు వైపు ఉండగా అందిన 22 బంతులలో పోయినవి మూడే.

రెండు మ్యాచ్‌ల లెక్కతో సూత్రాలు కట్టకూడదని నాకు తెలుసు. కానీ నేను కోపంలో రాసుకున్న రెండు మాటల కంటే ఆ కుర్రాడి గీతలు నమ్మదగినవి. ముందుకు చూస్తూ అందుకున్నప్పుడు అతను ఇప్పటికీ మా జట్టులో అందరికంటే మంచి పాసర్.

బంతి ఎవరు ఇచ్చారన్న మొదటి గడిలో కనిపించినది నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ 41 బంతులను ఇచ్చినవాళ్లలో ఎక్కువ మంది జట్టులో అందరికంటే చిన్నవాళ్లు. లెఫ్ట్ హాఫ్‌ను పక్కకు పిలిచి అడిగాను.

‘‘చిత్తూరు మ్యాచ్‌లో నీ ముందు లైను ఖాళీగా కనిపించిందా?’’

‘‘కనిపించింది సార్.’’

‘‘మరి అటు ఎందుకు ఆడలేదు?’’

‘‘అన్న అడిగాడు కదా సార్. అన్న అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాం?’’ కాసేపు ఆగి, నేల చూస్తూ అన్నాడు: ‘‘నేను లైనులో ఆడి బంతి పోతే నా తప్పు అవుతుంది సార్. అన్నకు ఇచ్చాక పోతే...’’

వాక్యం పూర్తి చేయలేదు. చేయవలసిన అవసరమూ లేదు. మా జట్టు ఆట మొత్తం ఆ సగం వాక్యంలో ఉంది. గౌరవంతో మొదలైన అలవాటు మెల్లగా దాక్కునే చోటుగా మారింది. ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ బంతి అన్న దగ్గరికి వెళ్తుంది, దానితో పాటు తప్పు చేసే భయం కూడా వెళ్తుంది. ఇది ఎదుటి జట్లకు మాకంటే ముందే అర్థమైంది. వాళ్లు మా ఫుల్ బ్యాక్‌లను ఒత్తిడి చేయకుండా సగం మైదానం వదిలేసేవాళ్లు. సెంటర్ హాఫ్ ఒంటరిగా ఉన్నట్టు కనిపించేలా మూడు గజాలు దూరం జరిగేవాళ్లు. బంతి అతని వైపు బయలుదేరగానే ఇద్దరు కలిసి మూసేసేవాళ్లు. మేము ఆ ఉచ్చులోకి రోజూ మా చేతులతోనే అతణ్ణి పంపుతున్నాం. అతణ్ణి తీసేసి ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి పెట్టినా ఉచ్చు ఉచ్చుగానే ఉంటుంది.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో

ఈ విషయం అతనితో ఎలా మాట్లాడాలో తెలియక వారం రోజులు గడిపాను. పదమూడేళ్ల వయసులో అతని చేతికి మొదటి స్టిక్ ఇచ్చింది నేనే. అందరి ముందు చెబితే పిల్లల దగ్గర పెద్దరికం పోతుంది. చెప్పకపోతే పోతున్న ఆట పోతూనే ఉంటుంది. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడటానికి కాకినాడ వెళ్తున్నాం. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో పిల్లలందరూ నిద్రపోయాక, తలుపు పక్కన నిలబడి ఉన్న అతనికి గట్టు కుర్రాడి నోట్‌బుక్ ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. ఫోను వెలుగులో చదివాడు. పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు.

‘‘ఈ 41 బంతులూ నేను అడిగినవే సార్’’ అన్నాడు.

‘‘అవును. ఎందుకు అడిగావు?’’

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: ‘‘అడగకపోతే నేను ఆటలో లేనట్టు ఉంటుంది సార్. ఈ మధ్య పది నిమిషాలు బంతి తగలకపోతే భయం వేస్తోంది. నన్ను ఇక తీసేస్తారేమో అని.’’

ఎన్నో ఏళ్లు కోచ్‌గా ఉండి, సీనియర్లు బంతి కోసం ఎందుకు అరుస్తారో నేను ఎప్పుడూ అడగలేదు. అహంకారం అనుకునేవాణ్ణి. కింది నుంచి రైలు చప్పుడు వస్తుంటే ఆ మాట విన్నాక, నేను అతణ్ణి తీసేయాలని ఆలోచించిన సంగతి దాచలేదు. దాచి ఉంటే ఆ తర్వాత నేను చెప్పే ఏ మాటనూ అతను నమ్మేవాడు కాదు. సర్దార్ సింగ్ గురించి మాట్లాడుకున్నాం. మన దేశానికి ఏళ్ల తరబడి సెంటర్ హాఫ్‌గా ఆడిన మనిషిని 2018 కామన్వెల్త్ క్రీడల జట్టులోకి తీసుకోలేదు. కొన్ని నెలలకే మళ్లీ పిలిచారు. బ్రెడాలో ఛాంపియన్స్ ట్రోఫీ రజతం, జకార్తాలో ఆసియా క్రీడల కాంస్యం చూసి, తానే చెప్పి ఆట విరమించాడు. ‘‘నిన్ను తీసేయడం లేదు. కానీ నువ్వు ఇలాగే ఆడితే నేను కాపాడలేను’’ అని చెప్పాను.

పరిష్కారం అతని నోటి నుంచే వచ్చింది. ‘‘నాకు ఇవ్వవద్దని మీరు పిల్లలకు చెబితే వాళ్లు వినరు సార్. విన్నా భయపడుతూ ఆడతారు. వెనుక మనిషి ఉన్నప్పుడు ‘వద్దు’ అని నేనే అరుస్తాను. నేనే వద్దంటే వాళ్లకు ఇబ్బంది ఉండదు.’’

నాకు తోచని మాట అది. అన్న మాట కాదనలేని పిల్లలకు, బంతి ఇవ్వకుండా ఉండే హక్కు కూడా అన్న మాటగానే అందాలి.

వినడానికి తేలిక. అలవాటు చేయడానికి చాలా చెమట పట్టింది. మైదానంలో మూడో వంతు వెడల్పు కొలిచి శంకువులు పెట్టి, నలుగురికి ఎదురుగా ముగ్గుర్ని నిలబెట్టాను. మధ్యలో సెంటర్ హాఫ్, అతని వీపుకు అతుక్కుని ఒక మనిషి. ‘వద్దు’ అని అరిచిన వెంటనే అతను ఐదు గజాలు పక్కకు పరుగెత్తి, తన వెనుకవాణ్ణి లాక్కుపోవాలి. అతను వదిలిన చోటు గుండా బంతి ముందు వరుసలో లోపలి వైపు ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కు వెళ్లాలి. మొదటి మూడు రోజులు అతను ‘వద్దు’ అంటున్నా పిల్లలు బంతి అతనికే ఇచ్చారు. చేతులకు అంత అలవాటు. నాలుగో రోజు లెఫ్ట్ హాఫ్ మొదటిసారి లైను వెంబడి ఆడి బంతి పోగొట్టుకున్నాడు. వెంటనే మా అందరి కంటే ముందు సెంటర్ హాఫ్ అరిచాడు: ‘‘సరైన బంతి! మళ్లీ అదే ఆడు!’’ ఆ రోజు సాయంత్రం నుంచి ఆ కుర్రాడి ఆట మారింది.

రెండు వారాలు దాటాక ‘వద్దు’ మాకు ఆయుధమైంది. అతని మీద ఎప్పుడూ ఇద్దరు ఉంటారు కాబట్టి, అతను పక్కకు జరిగితే ఇద్దరు జరుగుతారు. బంతి తాకకుండానే అతను దారి తెరుస్తున్నాడు. వాళ్లు అది గమనించి అతణ్ణి వదిలేస్తే ఇంకా మంచిది. అప్పుడు ముఖం ముందుకు పెట్టి బంతి అడుగుతాడు.

బెంచి శిక్ష కాదని నమ్మించడం

రెండో మార్పు సమయం గురించి. హాకీలో 1992 నుంచి రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ ఉంది. బయటికి వచ్చినవాడు ఎన్నిసార్లయినా లోపలికి వెళ్లవచ్చు. ఫుట్‌బాల్‌లో బయటికి వచ్చిన మనిషికి ఆ రోజు ఆట అయిపోయినట్టే, మన ఆటలో అలా కాదు. పెద్ద జట్లలో మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు ఐదారు నిమిషాలకు ఒకసారి మారుతూనే ఉంటారు. మన ఊరి మైదానాల్లో మాత్రం సీనియర్‌ను బయటికి పిలిస్తే అవమానం జరిగినట్టు చూస్తారు. అందుకే 36 ఏళ్ల మనిషిని నేను అరవై నిమిషాలూ నిలబెట్టాను. గౌరవిస్తున్నాననుకుని అతని ఆటను నేనే పాడుచేశాను.

ప్రతి క్వార్టర్‌లోనూ మొదటి ఏడు నిమిషాలు ఒక కుర్రాణ్ణి సెంటర్ హాఫ్‌గా దింపాను, చివరి ఎనిమిది నిమిషాలు అతణ్ణి. ఎదుటివాళ్ల కాళ్లు బరువెక్కే సమయానికి తాజాగా వచ్చే మనిషి ఆటను చదవగలవాడైతే ఎంత తేడా ఉంటుందో మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది. బయట కూర్చునే ఏడు నిమిషాలు కూడా వృథా కాలేదు. ఎదుటి ఫుల్ బ్యాక్ ఏ వైపు తిరగలేకపోతున్నాడో చూసి పెట్టుకుని లోపలికి వెళ్లేవాడు.

పిల్లల్లో ఒకరిద్దరికి బెంచి అంటే చిన్నచూపు ఉంటే, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా గోల్‌కీపర్ ఇ.రజని గురించి చెప్పాను. భారత మహిళల జట్టులో సవిత వెనుక రెండో గోల్‌కీపర్‌గా ఏళ్ల తరబడి నిలబడి, 2024లో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురు ఆడే హాకీ) ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా రజతం తెచ్చింది. గోల్‌కీపర్‌కు రోలింగ్ కూడా పెద్దగా ఉండదు, వేచి ఉండటమే. మా పిల్లల్లో ఒక్కరు కూడా ఆ తర్వాత బెంచి గురించి గొణగలేదు.

ఈ పద్ధతికి నష్టం కూడా ఉంది. ఎదుటివాళ్లు తప్పు చేస్తే పెనాల్టీ కార్నర్ ఇస్తారు: గోలు గీత నుంచి ఒకరు బంతి తోస్తే, ‘డి’ అనే గోలు ముందరి అర్ధవృత్తం బయట ఒకరు ఆపుతారు, ఇంకొకరు గోలుకు కొడతారు. అది ఇచ్చాక ముగిసేదాకా ఆటగాళ్లను మార్చడానికి వీలుండదు. సెంటర్ హాఫ్ మా కార్నర్లలో బంతిని ఆపే మనిషి. ఒక మ్యాచ్‌లో అతను బయట ఉండగా కార్నర్ వచ్చింది. లోపల ఉన్న కుర్రాడు బంతిని సరిగా ఆపలేదు, అవకాశం పోయింది, ఆ మ్యాచ్ ఒక గోలు తేడాతో ఓడాం. అప్పటి నుంచి ఇంకో ఇద్దరికి ఆ పని నేర్పించాను. ఇది మొదటి రోజే చేయవలసింది.

సెంటర్ ఫార్వర్డ్ విషయం తొందరగా చెబుతాను, ఎందుకంటే అది సగమే కుదిరింది. బంతి పోయిన ప్రతిసారీ అతను వెనక్కి పరుగెత్తలేక నిలబడిపోతున్నాడు, మిగిలినవాళ్లకు కోపం వస్తోంది. నేను వెనక్కి రావద్దని చెప్పి ఎదుటి ‘డి’ దగ్గరే ఉండమన్నాను. ఎదుటి రక్షకులను దాటి ముందు నిలబడి బంతి అందుకోకూడదనే ఆఫ్‌సైడ్ నియమాన్ని 1998లో తీసేశాక ఇది చెల్లుతుంది. ముందు నిలబడిన ఒక్క మనిషి కోసం ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు అక్కడే ఉండిపోతారు. గోలు ముందు స్టిక్ తాకించి బంతి దిశ మార్చడంలో అతని చేతులకు ఇప్పటికీ సాటి లేదు, అలా మూడు గోల్స్ వచ్చాయి. కానీ వెనుక మాకు ఒక మనిషి తక్కువైన భారమంతా లెఫ్ట్ హాఫ్ మీద పడింది. గట్టి జట్లతో ఆడినప్పుడు ఇది నిలవలేదు. ఇంకా మంచి దారి వెతుకుతున్నాను.

ఫుల్ బ్యాక్‌తో నేను చేసిన తప్పు

ఫుల్ బ్యాక్ నాతో కలిసి ఆడినవాడు. నేను జట్టులో చివరి ఏళ్లలో ఉన్నప్పుడు అతను పద్దెనిమిదేళ్లవాడు. అందుకే మిగిలినవాళ్లు సార్ అన్నా అతను మాత్రం నన్ను అన్నా అనే పిలుస్తాడు. మా పెనాల్టీ కార్నర్లు అతనే కొట్టేవాడు. హిట్ చేసినప్పుడు మొదటి షాట్ గోలు గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లకు, అంటే గోలు వెనుక చెక్క ఎత్తుకు మించకూడదు. అతని భుజం ఒకప్పటిలా కిందికి రావడం లేదు. బంతి పైకి లేస్తోంది, అంపైర్ ఈల వేస్తున్నాడు. వెనుకకు వచ్చే పొడుగు బంతులకు తిరిగి పరుగెత్తడం కూడా కష్టమైపోయింది.

ఇక్కడ లెక్క రాయించినా ఫలితం మారేది కాదు. అతను ఆ స్థాయిలో ఆడే రోజులు అయిపోయాయి. అది నిజం. కానీ నిజం చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది, నేను దాన్ని పాటించలేదు. మొదట జట్టు సమావేశంలో అందరి ముందు, ఇకపై కార్నర్లు వేరే కుర్రాడు కొడతాడని చెప్పాను. అతను తల ఊపాడు. రెండు వారాల తర్వాత, కాకినాడ నుంచి వచ్చాక ఆడిన మొదటి మ్యాచ్‌కు ముందురోజు రాత్రి, పదహారు మంది పేర్ల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో అతని పేరు లేదు. అతను ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడు. ఫోను తెరిచి చూసుకునేదాకా తెలియదు. అర్ధరాత్రి దాటాక గ్రూపు నుంచి వెళ్లిపోయాడు.

సెంటర్ హాఫ్ కోసం రైలు తలుపు దగ్గర గంటసేపు నిలబడిన నేను, ఇరవై ఏళ్లు జట్టుకు కాపలా కాసిన మనిషికి ఐదు నిమిషాల ఫోను కూడా చేయలేదు. భయపడ్డాను. చెప్పవలసిన మాటకు మధ్యేమార్గం లేదు, అతను అన్నా అని పిలుస్తాడు, ఆ పిలుపు వింటూ చెప్పలేనని ఫోనులో పేర్లు పెట్టి తప్పించుకున్నాను. తర్వాతి రోజు సాయంత్రం ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. పిల్లల చదువుల గురించి, వాన గురించి మాట్లాడాడు. హాకీ మాట నేను ఎత్తబోతే, ‘‘అది వదిలేయ్ అన్నా’’ అన్నాడు. క్షమించమని అడిగాను. ‘‘నువ్వు సరిగానే తీసేశావు. ముందు నాకు చెప్పి ఉంటే నేనే వచ్చి చొక్కా ఆ కుర్రాడికి ఇచ్చేవాణ్ణి’’ అన్నాడు.

ఇప్పుడు నేను రాసుకున్న నియమం ఒకటే. సీనియర్ పేరు జాబితాలో లేకపోయినా, అతని స్థానం మారినా, సమయం తగ్గినా, ఆ మాట ముందుగా అతనికి నా నోటితో, ఎదురుగా, ఒంటరిగా చెప్పాలి. మ్యాచ్‌కు కనీసం రెండు రోజుల ముందు. పిల్లలకు తర్వాతే తెలియాలి.

సీజన్ చివరి ఆరు మ్యాచ్‌లలో మూడు గెలిచాం, ఒకటి డ్రా, రెండు ఓడాం. పెద్ద విజయమేమీ కాదు. సెంటర్ హాఫ్ వచ్చే సీజన్‌లోనూ ఆడతాడు. మొదటి ఏడు నిమిషాలు ఆడే కుర్రాడికి పది నిమిషాలు ఇవ్వమని అతనే అడిగాడు, ఇస్తున్నాను. చివరి మ్యాచ్ తిరుపతిలో జరిగింది. మూడో క్వార్టర్‌లో అవతలి గోలు వెనుక, జనానికి దూరంగా, స్కూటర్‌కు ఆనుకుని ఫుల్ బ్యాక్ నిలబడి ఉండటం చూశాను. మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. అతని స్థానంలో కొట్టే కుర్రాడు చెక్కకు తగిలేలా నేల మీదుగా కొట్టాడు, గోలు పడింది. నేను అటు చూశాను. అతను చప్పట్లు కొట్టాడు. మ్యాచ్ అయ్యాక వెతికితే కనిపించలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వాళ్ల ఇంటికి వెళ్తున్నాను.